అన్న అన్న మాట

జీవించే హక్కు ప్రతి మనిషికీ పుట్టుకతోనే వస్తుంది. జీవించినదాన్ని నవలగా రాసుకునే హక్కు మాత్రం కార్యాలయ పనివేళలకు లోబడి, భోజన విరామం మినహాయించి, మూడో కిటికీ దగ్గర లభిస్తుంది.

ఈ సంగతి అద్దాల వ్యాపారికి ఆలస్యంగా తెలిసింది. సొంత కొట్టు, సొంత ఇల్లు, సొంత మోకాళ్ల నొప్పులు ఉన్న మనిషి, అనుభవాలు కూడా సొంతవే అయి ఉంటాయని అనుకోవడం సహజం. ఆయన అలాగే అనుకుని నవల రాశాడు. మధ్యాహ్నం గిరాకీ పలచబడగానే గాజు కోసే బల్ల మీద కాగితాలు పరుచుకుని రాశాడు. (గాజు కోసేవాడికి రాయడం మరీ కొత్తేమీ కాదు. రెండింట్లోనూ గీత గీసేశాక వెనక్కి తీసుకోవడం ఉండదు. రెండింట్లోనూ తెగేది ముందు తన వేలే.)

నవల పట్టుకుని ప్రచురణకర్త దగ్గరికి వెళితే, ఆయన మొదటి పేజీ అయినా తిప్పకుండా, "స్వానుభవమా?" అని అడిగాడు, డాక్టరు జ్వరమా అని అడిగినట్టు.

"అవునండీ. ప్రతి అక్షరం అనుభవించి రాశాను."

"అయ్యో," అన్నాడు ప్రచురణకర్త. "అయితే కల్పనాఫీసుకి వెళ్లి ముద్ర వేయించుకు రండి. ముద్ర లేని అనుభవాన్ని మేం ముట్టుకోం."

కల్పనాఫీసు అనేది జనం పెట్టుకున్న ముద్దుపేరు. అసలు పేరు స్వానుభవ కల్పనీకరణ అనుమతుల కార్యాలయం. నవలాకారులు ఇంట్లోవాళ్ల గుట్టంతా కథలుగా రాసేసి, మళ్లీ ఆ ఇళ్లకే భోజనాలకి వెళుతున్నారని ఫిర్యాదులు రావడంతో, ప్రజల భద్రత కోసం దీన్ని నెలకొల్పారు. మొదట్లో ఒకటే గది. విడాకుల మీద నవలలు ఎక్కువ కావడంతో పై అంతస్తు వేశారు.

అక్కడి నిబంధనలు తేలికైనవే. ఒక్క మనిషికి మాత్రమే జరిగినది ఒంటరి అనుభవం. దానికి అక్కడికక్కడే ముద్ర వేస్తారు. (ఇంతవరకు ఆ ముద్ర పడింది ఒకాయన లిఫ్టులో ఇరుక్కుపోయిన అనుభవానికే. దాని మీద కూడా లిఫ్టు మరమ్మతు మనిషి అభ్యంతరం పెట్టాడని వినికిడి.) ఇద్దరు లేక అంతకంటే ఎక్కువమంది పాల్గొన్నది ఉమ్మడి అనుభవం. అందులో వాటా ఉన్న ప్రతివారూ అభ్యంతరం లేదని సంతకం పెట్టాలి. ఇక పాత్రల విషయానికి వస్తే, ఇరుగుపొరుగు గుర్తుపట్టలేనంత మార్పు ఉండాలి, ఆ మనిషి మాత్రం తనని తాను గుర్తుపట్టి మురిసిపోయేంత పోలిక ఉండాలి.

మూడో కిటికీ దగ్గర కూర్చున్న ఆవిడ నవలని బియ్యం ఏరినట్టు ఏరింది.

"ఈ పరుపుల కొట్టు యజమాని ఎవరండీ?"

"కల్పితమండీ."

"అందరూ అదే చెప్తారు. అసలు ఎవరు?"

"మా అన్నయ్య."

"ఏం చేస్తారు?"

"అద్దాల వ్యాపారమే. నేను పరుపుల కొట్టుగా మార్చాను. మీసం కూడా పెట్టాను."

"మీసం పెడితే మనిషి మారతాడా అండీ? మా ఆయన తీసేస్తేనే మారలేదు," అని ఆవిడ పేజీ తిప్పింది. "అయినా, అన్నదమ్ములు పరుపుల కొట్టులో పోట్లాడుకుంటే ఎవరికి దెబ్బ తగులుతుంది? మెత్తబడిపోయింది చూడండి ఈ అధ్యాయం. సరే, భార్యగారి సంతకం, అన్నగారి సంతకం, ఇంకా ఎవరైనా ఉంటే వాళ్లది. తెచ్చుకోండి."

వ్యాపారి లెక్క వేసుకున్నాడు. భార్య సంతకం చేతిలో ఉన్నట్టే. అన్నయ్యది అసలు గండం. ముందు సులువైన సరుకు దించుకుంటే ధైర్యం వస్తుందని ఇంటికి వెళ్లి నవల భార్య చేతిలో పెట్టాడు.

ఆవిడ రెండు రోజుల్లో చదివేసింది. ఉతికిన బట్టలు మడత పెడుతూ, "ఆరో అధ్యాయంలో నన్ను చంపేశారు," అంది.

"అది నువ్వు కాదు. కల్పన."

"కల్పనో, అర్చనో, నాకు తెలీదు. తువ్వాలు దులిపి దులిపి మడత పెట్టేది నేను. ఎంత నలతగా ఉన్నా డాక్టరు దగ్గరికి రానని మొండికేసేది నేను. చచ్చిపోయేటప్పుడు మాత్రం ఆవిడెవరో వచ్చిందా?"

"పోనీ, బతికించెయ్యమంటావా?"

"బతికించకండి. మళ్లీ ఆ ఇంట్లో చాకిరీ అంతా నా మీదే పడుతుంది. పదకొండో అధ్యాయం దాకా ఆగితే చాలు. నేను పోయినప్పటి నుంచీ మీ నాయకుడు బీపీ మాత్ర వేసుకోకుండా తిరుగుతున్నాడు. చదివేవాళ్లకి అది తెలీదనుకున్నారా?"

ఒక సంతకానికి అయిదు అధ్యాయాల ఆయుష్షు. బేరం గిట్టుబాటే అనిపించి ఒప్పుకున్నాడు. సంతకం పెట్టి కాగితం ఇస్తూ ఆవిడ, "అవునూ, ఆ కథలో ఆవిడ చచ్చిపోయినప్పుడు ఆయన ఏడవలేదేం?" అని అడిగింది.

"మగవాడి మౌనంలోనే దుఃఖం ఉందని..."

"ఏడిపించండి," అంది ఆవిడ. అదీ ఒప్పందంలో చేరింది.

మర్నాడు మేనత్త ఫోను చేసింది. ఆవిడ సంతకం ఎవరూ అడగలేదు, ఎందుకంటే ఆవిడ నవలలో ఎక్కడా లేదు. అదే ఆవిడ అభ్యంతరం.

"ఒరేయ్, మీ నాన్న పోయిన దగ్గర్నుంచీ ఆ ఇంట్లో నేను లేకుండా ఏం జరిగిందిరా? మీ ఇద్దరి మధ్యా కూర్చుని వాటాలు తెగ్గొట్టిందెవరు? పక్కింటి కుక్కకి ఒక పేజీ రాశావంట!"

"అది వాతావరణం కోసం అత్తయ్యా."

"నేను వాతావరణానికి కూడా పనికిరానా?"

నిబంధనల్లో దీన్ని గైర్హాజరు అభ్యంతరం అంటారు. రాసినందుకు నొచ్చుకునేవాళ్లకంటే రాయనందుకు నొచ్చుకునేవాళ్లు ఎక్కువ కావడంతో దీనికి విడిగా ఒక కిటికీ తెరిచారు. (వరస బయట మెట్ల దాకా ఉంటుంది. అందరూ మంచి బట్టలు కట్టుకుని వస్తారు.) మేనత్త ఒక అధ్యాయం అడిగింది. వ్యాపారి ఒక వాక్యం అన్నాడు. లాగి లాగి చివరికి ఒక రాక, ఒక పోక, మధ్యలో ఒక మాట దగ్గర బేరం తెగింది. ఆ మాట కూడా ఆవిడే చెప్పి రాయించింది: "వాటాలు సరే, ఇద్దరిలో ఎవరైనా పొద్దుట్నుంచీ ఏమైనా తిన్నారా?" నవల మొత్తంలో అదొక్కటే నమ్మబుద్ధి అయ్యేలా ఉందని తర్వాత మూడో కిటికీ ఆవిడ ఫైలులో రాసింది.

ఇక మిగిలింది అన్నయ్య.

తండ్రి పోతూ పోతూ అద్దాల కొట్టుని ఇద్దరికీ కలిపి వదిలాడు. ఇద్దరూ కలిసే నడిపారు. ఒకరోజు కొట్టు నిండా అద్దాల మధ్య నిలబడి, తమ్ముడి మొహంలోకి చూస్తూ, "ఇది మా కొట్టు" అన్నాడు అన్నయ్య. మన కొట్టు అనలేదు. మా కొట్టు. తమ్ముడు ఆ ఒక్క అక్షరాన్ని గుండెలో గాజుపెంకులా దాచుకుని ఇంటికి వచ్చాడు. మర్నాడు వెళ్లి వాటా పంచమన్నాడు. పక్క వీధిలో ఇంకో అద్దాల కొట్టు వెలిసింది. అప్పటి నుంచీ ఇద్దరికీ మాటల్లేవు. పెళ్లిళ్లలో ఫొటో తీసేటప్పుడు ఒకరు ఈ చివరా, ఒకరు ఆ చివరా నిలబడితే, ఫొటోగ్రాఫరు ఇద్దర్నీ లోపలికి జరగమని చెప్పి చెప్పి, చివరికి ఇద్దరి భుజాలూ కత్తిరించి ఫొటో ఇచ్చేవాడు.

నవల మొత్తం ఆ ఒక్క మాట మీద నిలబడి ఉంది. పన్నెండో అధ్యాయంలో అన్న ఆ మాట అంటాడు. ముందున్నవన్నీ దాని వైపు నడుస్తాయి, వెనకవన్నీ దాని నుంచి కుంటుకుంటూ పోతాయి. అన్నయ్య సంతకం పెట్టకపోతే ఆ అధ్యాయం పోతుంది. ఆ అధ్యాయం పోతే, మిగిలేది ఏ కారణమూ లేకుండా ఇల్లు విడిచిన ఒక మనిషి కథ. అలాంటిది కొనేవాళ్లు ఉండరని ఏ వ్యాపారికైనా తెలుసు.

కార్యాలయం నవల నకలు జతచేసి పంపిన నోటీసుకి అన్నయ్య దగ్గర్నుంచి జవాబు వచ్చింది. "నన్ను చెడ్డవాడిగా రాసినందుకు అభ్యంతరం లేదు. వ్యాపారంలో ఆ పేరు మంచిదే, అరువు అడగడానికి జంకుతారు. పన్నెండో అధ్యాయంలో ఒక్క అక్షరం మీద అభ్యంతరం. విచారణ కోరుతున్నాను."

విచారణ పై అంతస్తులో. పరిశీలనాధికారి సన్నగా, మర్యాదగా ఉన్నాడు. జీవితంలో తనకంటూ ఏ అనుభవమూ లేకపోవడం వల్ల నిష్పాక్షికంగా ఉంటాడని ఆయన్ని ఈ పదవికి ఎంపిక చేశారు. అన్నదమ్ములిద్దరూ ఒకే బెంచీకి రెండు చివర్లా కూర్చున్నారు. అన్నయ్య జుట్టు పూర్తిగా నెరిసిపోయింది. పెళ్లి ఫొటోల్లో చివర్న ఉన్నవాళ్ల జుట్టు సరిగ్గా పడదు కాబట్టి తమ్ముడికి ఈ సంగతి తెలియదు.

"ముందుగా ఒక మాట అడగండి సార్ ఆయన్ని," అన్నాడు అన్నయ్య అధికారి వైపు చూస్తూ. "నాకు మీసం ఎందుకు పెట్టాడట?"

"ఆయనకి మీసం ఎందుకు పెట్టారని అడుగుతున్నారు," అన్నాడు అధికారి, అదే బెంచీ మీద ఉన్న తమ్ముడికి వినపడనట్టు.

"గుర్తుపట్టకూడదని పెట్టానని చెప్పండి."

"గుర్తుపట్టకూడదని."

"బావుందని చెప్పండి సార్."

అధికారి అది కూడా చెప్పి, కళ్లద్దాలు సర్దుకుని, వివాదం మా-మన ఉపవిభాగం కిందికి వస్తుందని ప్రకటించాడు. చాలా భాషల కార్యాలయాల్లో ఈ ఉపవిభాగమే లేదట. వాళ్లకి రెండింటికీ కలిపి ఒకటే మాట ఉంటుంది కాబట్టి, పోట్లాడుకోవడానికి వేరే కారణాలు వెతుక్కోవలసి వస్తుందట.

"మీరు 'మా కొట్టు' అన్నారా, 'మన కొట్టు' అన్నారా?"

"మా కొట్టు అనే అన్నాను," అన్నాడు అన్నయ్య.

తమ్ముడు లేచి నిలబడ్డాడు. "విన్నారా! ఒప్పుకున్నాడు! ఇంక విచారణ ఏముందండీ?"

"అన్నాను. వాడితో కాదు."

అన్నయ్య మొదటిసారి తమ్ముడి వైపు తిరిగాడు.

"ఒరే, ఆవేళ ఒక మనిషి నిలువుటద్దం బేరానికి రాలేదట్రా? నీ పక్కనే నిలబడి, ధర తనే చెప్పి, తనే తగ్గించేసి, కట్టేయమన్నాడు. నాకు ఒళ్లు మండింది. 'ఇది మా కొట్టు, ధర మేం చెప్తాం' అన్నాను. మా అంటే నువ్వూ నేనూను. మరి వాడితో మన కొట్టు అనమంటావా? అంటే వాడికీ వాటా ఇవ్వాలి!"

"నా మొహం చూసి అన్నావు."

"అద్దాల కొట్టురా! అటు చూసినా నువ్వే, ఇటు చూసినా నువ్వే. ఎటు చూసి అనను?"

అధికారి ఈ అంశాన్ని రుజువు చేసుకోవాలన్నాడు. మూడో కిటికీ ఆవిడని పిలిపించి గిరాకీగా నిలబెట్టారు. తమ్ముడిని ఆవిడ పక్కన నిలబెట్టారు. గదిలో ఉన్న బీరువా అద్దం తలుపుని కొంచెం తెరిచారు. అన్నయ్య అద్దంలోకి చూస్తూ, "ఇది మా కొట్టు" అన్నాడు.

"నా వైపే చూశారండీ," అంది ఆవిడ.

తన వైపే చూసినట్టు తమ్ముడికీ అనిపించింది.

"మరి నాతో ఎందుకు చెప్పలేదు?" అన్నాడు. గొంతు నవలలో లాగా రాలేదు.

"నువ్వు అడిగావా? మర్నాడు వచ్చి వాటా పంచమన్నావు. పెళ్లాం పిల్లలు గలవాడు, సొంతంగా పెట్టుకోవాలని మనసు పడ్డాడు కాబోలు, అడ్డం పడకూడదు అనుకున్నాను. నా మీద కోపమని నాకేం తెలుసు? నీ నవల చదివితే తెలిసింది."

అధికారి తీర్పు రాయించాడు. దరఖాస్తుదారు చూపిన అన్యాయం జరగలేదు. జరగని అన్యాయం అనుభవం కిందికి రాదు, అపార్థం కిందికి వస్తుంది. అపార్థం పుట్టుకతోనే కల్పన. కల్పనను మళ్లీ కల్పనగా మార్చే అధికారం ఈ కార్యాలయానికి లేదు. కాబట్టి పన్నెండో అధ్యాయానికి ముద్ర నిరాకరించడమైనది.

"అయ్యా, బాధ నిజమే కదండీ?" అన్నాడు వ్యాపారి. "ఇన్నేళ్లు పడ్డాను."

"బాధ అసలైనదే," అన్నాడు అధికారి సానుభూతితో. "సరుకే నకిలీది."

వ్యాపారి బెంచీ మీద కూలబడ్డాడు. న్యాయంగా ఆయన సంతోషించాలి. పోయాడనుకున్న అన్న వడ్డీతో సహా తిరిగి వచ్చాడు. కానీ ఎంత తూచినా త్రాసు అటే మొగ్గుతోంది: అన్న దక్కాడు, నవల పోయింది. అన్న దొరకడం వల్ల నష్టపోయిన మొదటి తమ్ముడిని నేనేనేమో అనుకున్నాడు.

అన్నయ్య ఆ మొహం చూశాడు. గొంతు సవరించుకుని అధికారి బల్ల దగ్గరికి వెళ్లాడు.

"సార్, ఇందాక చెప్పింది కొట్టేయండి. నేను వీడితోనే అన్నాను. వీడి మొహం చూసే అన్నాను, నీకు ఇందులో ఏమీ లేదు పో అనే అర్థంతోనే అన్నాను. అలా రాయండి, సంతకం పెడతాను."

"మీరు ఇప్పుడే అనలేదన్నారు."

"వాడు రాసుకోనివ్వండి సార్. అంత కష్టపడి రాశాడు. నేనూ చదివాను. పన్నెండో అధ్యాయంలో నా మీద నాకే కోపం వచ్చింది."

అధికారి నిబంధనల పుస్తకం తిరగేశాడు. వాటాదారు తప్పు ఒప్పుకుంటే, ఆ తప్పు జరిగిందా లేదా అని కార్యాలయం ఆరా తీయనక్కర్లేదు. ముద్ర వేయొచ్చు. దరఖాస్తుదారు ఊఁ అంటే చాలు.

వ్యాపారి వెంటనే వద్దనలేదు. ఇది చెప్పకుండా దాటేస్తే లెక్క తప్పుతుంది. ఆయన ఆలోచించాడు. నవల మొత్తం ఒక పళ్లెంలో, అన్న చేయబోయే దొంగ సంతకం ఇంకో పళ్లెంలో పెట్టి చూశాడు. సంతకం తేలిగ్గానే ఉంది. అన్నయ్య కలం మూత తీసి, నెమ్మదిగా వంగి, ఎక్కడ పెట్టాలని అడుగుతున్నాడు. ఆ నెరిసిన తల వెనక భాగాన్ని చూశాక, ఇలా అడిగి తెచ్చుకున్న అన్యాయం కానుక కిందికి వస్తుందని తోచింది. ఒకరు ప్రేమగా ఇచ్చిన కానుక మీద మూడు వందల పేజీల కోపం ఎలా నడుస్తుంది? చదివేవాడు ఎవరైనా చివరికి కోప్పడేది తమ్ముడి మీదే.

"వద్దులే అన్నయ్యా," అన్నాడు. "పెట్టకు."

"పరవాలేదురా."

"వద్దన్నానా? దరఖాస్తు వెనక్కి తీసుకుంటున్నానండీ."

అధికారి ఊపిరి పీల్చుకుని ఫైలు మూసేశాడు. అన్నదమ్ములిద్దరూ మెట్లు దిగారు. వరసలో నిలబడ్డవాళ్లు పక్కకి జరిగి దారి ఇచ్చారు.

"ఇంకేమైనా ఉన్నాయేంట్రా నా మీద?" అన్నాడు అన్నయ్య. "ఉంటే ఇప్పుడే అడిగెయ్. ఇంకో నవల రాసేదాకా ఆగకు. నాకు చత్వారం వచ్చింది."

తమ్ముడు వెతుక్కున్నాడు. ఇన్నేళ్లుగా పోగేసుకున్నవి చాలానే ఉన్నాయి. ఒక్కొక్కటే తీసి చూస్తుంటే, ప్రతిదాంట్లోనూ పక్కన ఇంకో మనిషెవరో నిలబడి ఉన్నట్టు అనుమానం వచ్చింది. "ఇప్పటికి ఏమీ లేవులే," అన్నాడు.

ఇంతలో మూడో కిటికీ ఆవిడ కేక వేసింది. మూసేసిన ప్రతి ఫైలుకీ కార్యాలయం ఒక ధ్రువపత్రం ఇస్తుంది, తీసుకోకపోతే వాళ్లే ఇంటికి పంపుతారు. వ్యాపారి తీసుకుని, వెలుతురులోకి వచ్చి, అన్నయ్యకి వినపడేలా పైకి చదివాడు.

"దరఖాస్తుదారు తన అన్నగారితో మాటలు మానివేసిన నాటి నుండి నేటి వరకు గల కాలమంతా కల్పనలోనే నివసించినట్లు ఇందుమూలంగా ధ్రువీకరించడమైనది. ఈ పత్రం చిరునామా రుజువుగా చెల్లదు."